అరవయ్యో వంతు మనిషి

చిత్తూరు జిల్లా పల్లెల్లో కుంభాభిషేకం దగ్గర పడిందంటే గుడి గోపురానికి సారవ కడతారు. పెయింటర్లు పైకెక్కి సున్నపు గచ్చుతో చేసిన సుధ బొమ్మలకు కొత్త రంగులు వేస్తారు. ఆ సారవ మీద నిలబడి దగ్గరగా చూస్తే ద్వారపాలకుడి కనుబొమ్మ బొటనవేలంత లావున ఉంటుంది. కంటి చుట్టూ నల్లగీత మొరటుగా, తారు పూసినట్టు కనిపిస్తుంది. పెదవి ఎరుపుకూ చెంప రంగుకూ మధ్య మెత్తటి కలయిక ఏమీ ఉండదు. కిందికి దిగి వీధిలోంచి తలెత్తి చూస్తే మాత్రం అదే ముఖం చక్కగా కుదిరి ఉంటుంది, చూపు మన మీదే నిలిచినట్టు అనిపిస్తుంది. బొమ్మను ఎంత దూరం నుంచి చూస్తారో లెక్క వేసుకుని రంగు వేయడం ఆ పనివాళ్ళకు చేతికి వచ్చిన విద్య.

బోర్డ్ గేమ్‌లలో, టేబుల్ మీద ఆడే వార్‌గేమ్‌లలో వాడే వేలెడంత బొమ్మలకు, అంటే మినియేచర్లకు రంగు వేసే పని కూడా ఈ లెక్క మీదే నడుస్తుంది. గోపురం బొమ్మ పెద్దది, దూరంగా ఉంటుంది. మినియేచర్ చిన్నది, దగ్గరగా ఉంటుంది. కంటికి రెండూ ఒకటే. ఈ సంగతి పట్టించుకోకపోతే, గంటల తరబడి కూర్చుని గీత దాటకుండా ఎంత శ్రద్ధగా రంగులు నింపినా, బొమ్మ చివరికి రంగుల ప్లాస్టిక్ ముక్కలాగే మిగిలిపోతుంది. తప్పు చేతిలో ఉండదు, లెక్కలో ఉంటుంది.

ఎక్కువమంది ఆడే బొమ్మల కొలత 28 మి.మీ. (కొందరు తయారీదార్లు దీన్ని అరికాలి నుంచి కంటి దాకా కొలుస్తారు, కొందరు నడినెత్తి దాకా. అందుకే రెండు కంపెనీల 28 మి.మీ. బొమ్మలను పక్కపక్కన పెడితే ఒకటి రెండోదానికి అన్నలా కనిపిస్తుంది.) మనిషి ఎత్తు 170 సెం.మీ. అనుకుంటే ఈ బొమ్మ అందులో సుమారు 60వ వంతు. దాన్ని కంటికి 60 సెం.మీ. దూరంలో పట్టుకుంటే ఎంత కనిపిస్తుందో, 36 మీటర్ల అవతల నిలబడ్డ మనిషి కూడా అంతే కనిపిస్తాడు. క్రికెట్ పిచ్ పొడవు సుమారు 20 మీటర్లు. దానికి రెండింతలకు కాస్త తక్కువ దూరం అన్నమాట. అంత దూరంలో ఉన్న మనిషి కంటి తెలుపు ఎవరికీ కనిపించదు, చొక్కా గుండీలు కనిపించవు. కానీ బొమ్మను చేతిలోకి తీసుకున్నవారు అవన్నీ కనిపించాలని కోరుకుంటారు. కంటికి నిజంగా అందని వివరాన్ని కంటికి అందించడమే ఇక్కడి పని. గోరంతను కొండంత చేయక తప్పదు.

శిల్పులు ఈ సర్దుబాటును బొమ్మలోనే కొంత చేసి పెడతారు. తిరుపతిలో టీటీడీ నడిపే శిల్ప కళాశాలలో చదివేవారికి తాళమానం మొదటి పాఠాల్లో ఒకటి. ముఖం పొడవు ఒక తాళం, దాన్ని బట్టి మిగతా ఒళ్ళంతా కొలుస్తారు. ప్రధాన దేవతామూర్తులకు దశతాళం, నవతాళం లాంటి పొడుగాటి కొలతలు ఉంటాయి. వార్‌గేమ్ బొమ్మలు దీనికి పూర్తిగా ఎదురు. తల పెద్దది, చేతులు పెద్దవి, కత్తి పలక దుంగంత లావు. ఈ తీరును ‘హీరోయిక్’ కొలత అంటారు. కొత్తగా చూసినవారికి ఇది శిల్పి చేతకానితనంలా అనిపిస్తుంది. నిజానికి టేబుల్ అవతల కూర్చున్న మనిషి ఆ బొమ్మ ఎవరిదో, చేతిలో ఏముందో గుర్తుపట్టాలని అలా చెక్కుతారు. నిజమైన కొలతలో చెక్కిన కత్తి అంచు, పోతలో నిలవదు కూడా.

ఈ ఆటల పుట్టుక సైనిక శిక్షణలో ఉంది. 19వ శతాబ్దం తొలి రోజుల్లో ప్రష్యా సైన్యాధికారులు పటం మీద దిమ్మలు జరుపుతూ యుద్ధాభ్యాసం చేసేవారు. ఇంగ్లండ్‌లో విలియం బ్రిటన్ సంస్థ 1893లో లోపల బోలుగా ఉండే సీసం సైనికులను పోత పోయడం మొదలుపెట్టాక బొమ్మల ధర దిగివచ్చింది. హెచ్.జి. వెల్స్ 1913లో అలాంటి బొమ్మలతో ఆడే యుద్ధానికి నియమాలు రాసి అచ్చు వేశాడు. 1974లో డంజియన్స్ అండ్ డ్రాగన్స్, 1983లో వార్‌హామర్ అనే ఆటలు వచ్చాక ఊహాలోకపు బొమ్మలకు పెద్ద గిరాకీ ఏర్పడింది. సీసం పోయి సీసం లేని తెల్లలోహం, తర్వాత గట్టి ప్లాస్టిక్, ఇప్పుడు ద్రవంగా ఉండి గట్టిపడే రెజిన్. పాత లోహపు బొమ్మలు ఎక్కడైనా చేతికి వస్తే వాటిలో సీసం ఉంటుందనే అనుకోవాలి. అరగదీసేటప్పుడు ఆ పొడి పీల్చకూడదు, చేతులు కడుక్కోకుండా అన్నం ముట్టకూడదు.

తిరుపతి వైపు చిన్న బొమ్మ అనేది పరాయి సంగతి కాదు. దసరా కొలువుల్లో ఎర్రచందనం మరపాచి జంటలు నిలబెట్టే ఇళ్ళు ఇక్కడ ఎన్నో ఉన్నాయి. ఏర్పేడు దగ్గర మాధవమాలలో కొయ్య చెక్కేవారు ఉన్నారు. శ్రీకాళహస్తిలో కలంతో గుడ్డ మీద బొమ్మలు గీసే కుటుంబాలు ఉన్నాయి. రంగును చూసే కన్ను ఈ ప్రాంతానికి ముందే ఉంది. కొత్తగా కావలసింది కొలత మారితే ఏమవుతుందో తెలుసుకోవడమే.

మందమైన పూత

60 అన్న అంకెను పూతకు వర్తింపజేస్తే చాలా విషయాలు విడిపోతాయి. సీసాలోంచి తీసిన రంగును నీళ్ళు కలపకుండా అలాగే పూస్తే ఆరాక 0.1 మి.మీ. మందం ఉండొచ్చు. వెంట్రుకంత మందమే కదా అనిపిస్తుంది. 60తో హెచ్చిస్తే 6 మి.మీ. అంటే మనిషి ముఖం మీద అర సెంటీమీటరు పైన సిమెంటు పూసినట్టు. ముక్కు, పెదవి, వేళ్ళ సందులు అన్నీ పూడుకుపోతాయి. రంగును పలచటి మజ్జిగలా చేసుకుని రెండు మూడు పూతలు వేయాలని అనుభవం ఉన్నవారు పదే పదే చెప్పేది అందుకే. మొదటి పూత మచ్చలు మచ్చలుగా, కింద ప్రైమర్ (రంగు పట్టడానికి ముందుగా వేసే అడుగుపూత) కనిపిస్తూ, చూడటానికి దిగులు పుట్టించేలా ఉంటుంది. ఓపిక పట్టి అది ఆరనిస్తే రెండో పూతకు సర్దుకుంటుంది.

ఇక్కడ వాడేవి దాదాపు అన్నీ అక్రిలిక్ రంగులే. నీటిలో తేలే అక్రిలిక్ రేణువులు, నీరు ఆవిరైపోగానే ఒకదానికొకటి అతుక్కుని పొరగా మారతాయి. ఒకసారి పొర కట్టాక మళ్ళీ నీళ్ళకు కరగదు. దీనివల్ల పైపూత కిందిపూతను చెడగొట్టదు, అది మేలు. చెడు ఏమిటంటే, ఆరడం మనం చెప్పినట్టు వినదు. ఏప్రిల్, మే నెలల్లో తిరుపతి ఎండ 40 డిగ్రీలు దాటినప్పుడు పాలెట్ (రంగులు కలుపుకునే పలక) మీద వేసిన చుక్క చూస్తుండగానే తోలు కట్టేస్తుంది. నెత్తిన ఫ్యాన్ తిరుగుతుంటే కుంచె మొనలోని రంగు బొమ్మను చేరేలోపే ఎండిపోతుంది. ఫ్యాన్ ఆపితే చెమట. ఈ టెన్షన్ తగ్గించడానికి తడి పాలెట్ ఒక్కటే నిజమైన మందు. మూత గట్టిగా పట్టే స్టీలు డబ్బాలో స్పాంజి పరిచి, తడిపి, దాని మీద బటర్ పేపర్ పరిస్తే చాలు. కాగితం అడుగు నుంచి తడి ఎక్కుతూ రంగును గంటల తరబడి బతికిస్తుంది. డబ్బాను ఫ్రిజ్‌లో పెడితే మరుసటి రోజుకు కూడా పనికొస్తుంది. కొన్నవాటికీ ఇంట్లో చేసినవాటికీ పనితనంలో పెద్ద తేడా లేదు.

నీళ్ళ విషయం కూడా చూసుకోవాలి. బోరు నీళ్ళు గిన్నెల మీద తెల్లటి చారలు వదిలే ఊళ్ళలో అవే నీళ్ళు పలచటి రంగులో కలిపితే బొమ్మ మడతల్లో కూడా తెల్లటి పొడి తేలుతుంది. నల్లటి నీడలో అది కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. తాగడానికి తెచ్చుకునే క్యాన్ నీళ్ళు వాడితే ఆ బాధ ఉండదు. నీళ్ళు మరీ ఎక్కువ కలిపినా ప్రమాదమే, అతుక్కునే పదార్థం చెదిరిపోయి రంగు పొడిలా రాలుతుంది. బాగా పలచన కావాలంటే రంగుల దుకాణంలో దొరికే అక్రిలిక్ మీడియం కలుపుకోవాలి.

ప్రైమర్ దగ్గర వాతావరణం ఇంకా గట్టిగా పరీక్ష పెడుతుంది. ప్రైమర్ లేకుండా ప్లాస్టిక్, లోహం మీద అక్రిలిక్ నిలవదు, గోరు తగిలితే లేచిపోతుంది. స్ప్రే డబ్బాతో మధ్యాహ్నపు ఎండలో కొడితే తుంపర గాలిలోనే ఆరిపోయి, బొమ్మ మీద ఇసుకలా పడుతుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వాయుగుండాల వానల్లో గాలి నిండా తేమ, అప్పుడు వార్నిష్ కొడితే బొమ్మ మీద మంచులా తెల్లటి పొర కమ్ముతుంది. వేసవిలో తెల్లవారుజామున, వానాకాలంలో వాన లేని పొడి పూట చూసుకుని కొట్టాలి. అది కుదరకపోతే కుంచెతో పూసే ప్రైమర్ వాడుకోవడం మేలు. ఆటోమొబైల్ దుకాణాల్లో దొరికే స్ప్రేలతో ఇంకో చిక్కు ఉంది. వాటిలోని ఘాటైన ద్రావకం కొన్ని ప్లాస్టిక్ బొమ్మలను కరిగించేస్తుంది. బొమ్మ విడిభాగాలు అతుక్కుని వచ్చే ప్లాస్టిక్ చట్రం ముక్క మీద ముందు కొట్టి చూసుకోవాలి.

వెలుగును కూడా వేయాలి

అసలు చిక్కు వెలుగుతో. బొమ్మ 60వ వంతుకు తగ్గింది. దాని మీద పడే వెలుగు తగ్గలేదు. నాలుగడుగుల ట్యూబ్‌లైట్ ఆ బొమ్మకు 72 మీటర్ల పొడవున్న వెలుగు. అంత పెద్ద దీపం కింద, అంత చిన్న ముక్కుకు నీడ ఎక్కడ పడుతుంది? అన్ని వైపుల నుంచీ వెలుగు చొరబడి ముక్కు కింది నీడను, చంక నీడను, పంచె మడతల నీడను కడిగేస్తుంది. అందుకే ఒకే రంగు సమంగా పూసిన బొమ్మ పలకలా కనిపిస్తుంది. నిజం మనిషి మీద సూర్యుడు చేసే పనిని ఇక్కడ పెయింటరే చేయాలి. నీడ ఉండవలసిన చోట ముదురు రంగు, వెలుగు తగలవలసిన చోట లేత రంగు. అదీ కంటికి సహజంగా తోచినదానికంటే రెండింతలు ఎక్కువ తేడాతో. పని చేస్తున్నప్పుడు ‘ఇది మరీ ఎక్కువైపోయింది’ అనిపించిన బొమ్మ, చేయి చాచి చూస్తే చాలాసార్లు సరిగ్గా ఉంటుంది.

సూర్యుడు ఎక్కడున్నాడో మొదటే తేల్చుకోవడానికి ఒక తేలికైన దారి ఉంది. బొమ్మంతా నల్ల ప్రైమర్ కొట్టి, ఆరాక నడినెత్తి మీది నుంచి మాత్రమే తెల్ల ప్రైమర్ కొడతారు. తెలుపు పడిన చోటు వెలుగు, నలుపు మిగిలిన చోటు నీడ. ఆ పైన పలచటి రంగులు వేస్తే కింది నలుపు తెలుపులు తొంగిచూస్తూ సగం పని చేసిపెడతాయి. వార్‌హామర్ తయారీదారు గేమ్స్ వర్క్‌షాప్ 2019లో తెచ్చిన ‘కాంట్రాస్ట్’ రంగులు ఈ ఆలోచనను సీసాలో పెట్టినవే. ఒక్క పూతకే మడతల్లోకి దిగి చిక్కగా, ఎత్తుల మీద పలచగా నిలుస్తాయి. పెద్ద సైన్యాన్ని త్వరగా బల్ల మీదికి తేవాలంటే వాటికి మించినది లేదు. నేర్చుకోవడానికి మాత్రం మామూలు రంగులే మంచివి, వాటితో చేసినప్పుడే నీడ ఎక్కడ ఎందుకు పడుతుందో చేతికి తెలుస్తుంది.

‘వాష్’ అనేది నీళ్ళలాంటి ముదురు రంగు. పూస్తే పల్లాల్లోకి జారి చేరుతుంది. వేసవి ఎండలో దీనితో జాగ్రత్త. ఆరుతున్న చుక్కలో అంచులు ముందు ఆరతాయి, లోపలి రంగు అంచుల వైపు పరుగెడుతుంది. టేబుల్ మీద ఒలికిన కాఫీ ఆరాక చుట్టూ ముదురు వలయం మిగిలేది ఇందుకే. బొమ్మ చెంప మీద అలాంటి వలయం పడితే మరక అనుకుంటారు. బొమ్మంతా ముంచేయకుండా, మడతల్లో మాత్రమే కుంచె మొనతో దించుతూ, పోగైన చోట పొడి కుంచెతో పీల్చేయాలి.

శ్రీకాళహస్తి కలంకారీని చూసినవారికి ఇంకో ఉపాయం వెంటనే అర్థమవుతుంది. అక్కడ గుడ్డను కరక్కాయ, గేదె పాలలో నానబెట్టి ఆరబెడతారు. తుప్పు ఇనుము, బెల్లం ఊరబెట్టిన నీళ్ళను కలంతో గీస్తే, కరక్కాయలోని వగరుతో కలిసి అది నల్లగీత అవుతుంది. ముందు ఆ గీత, తర్వాతే రంగులు. ఒక రంగు ఇంకో రంగును నేరుగా ముట్టుకోదు, మధ్యలో నలుపు కాపలా ఉంటుంది. దూరం నుంచి చూసినా దేవుడి చేయి ఎక్కడ ఆగి ఉత్తరీయం ఎక్కడ మొదలైందో తెలుస్తుంది. మినియేచర్‌లో కూడా చర్మానికీ గుడ్డకూ మధ్య, నడికట్టుకూ అంగీకీ మధ్య వెంట్రుకంత ముదురు గీత దించితే బొమ్మ ఒక్కసారిగా తేటపడుతుంది. గంటసేపు చేసిన హైలైట్ల (వెలుగు చోట దిద్దే లేత రంగుల) కంటే ఐదు నిమిషాల ఈ గీత ఎక్కువ పని చేస్తుంది. పూర్తి నలుపు కాకుండా, పక్కనున్న రంగులో బాగా ముదురు ఛాయ వాడితే ఇంకా మెత్తగా ఉంటుంది.

బంగారం విషయంలో నేర్చుకోవడానికి తిరుమలలో ఆనంద నిలయం విమానం ఉంది. బంగారం రంగు పసుపు అని అందరం అనుకుంటాం. విమానం మీద కంటిని కాసేపు నిలిపితే అందులో పసుపు తక్కువే. ఆకాశానికి తిరిగిన చోట దాదాపు తెలుపు, కిందికి తిరిగిన చోట ముదురు గోధుమ, రెండూ ఒకదాని పక్కన ఒకటి గట్టి అంచుతో. మెరిసే వస్తువుకు సొంత రంగు కంటే చుట్టుపక్కల రంగే ఎక్కువ. సీసాల్లో దొరికే బంగారు రంగులో సన్నటి మెరుపు రేకులు ఉంటాయి. ఒక రేకు 0.03 మి.మీ. ఉన్నా 60తో హెచ్చిస్తే దాదాపు 2 మి.మీ. చమ్కీ. కిరీటం బంగారంలా కాక చమ్కీలు అతికించిన నాటకాల కిరీటంలా కనిపించేది అందువల్ల. దీనికి విరుగుడుగా కొందరు మెరుపు లేని రంగులతోనే, గోధుమ నుంచి పసుపు మీదుగా తెలుపు దాకా దిద్ది, లోహాన్ని భ్రమింపజేస్తారు. పోటీకి పెట్టే బొమ్మకు, ఫొటోకు అది అద్భుతం. కానీ దిద్దిన మెరుపు కదలదు. ఆటలో బొమ్మను నాలుగు వైపుల నుంచి చూస్తారు, అటు తిప్పగానే భ్రమ విరిగిపోతుంది. ఆడే బొమ్మకు మెరుపు రంగే వేసి, పల్లాల్లో గోధుమ వాష్ దించి, ఎత్తుల మీద మాత్రం వెండి తాకించడం తెలివైన పని.

చామనఛాయ

ఇక్కడ కాస్త ఆగి చెప్పవలసిన విషయం చర్మం. ఈ విద్య నేర్పే పాఠాలు చాలావరకు ఐరోపా, అమెరికాల నుంచి వస్తాయి. వాటిలో చర్మం అంటే గులాబీ తెలుపు. ‘ఫ్లెష్’ అన్న పేరుతో అమ్మిన రంగు కూడా చాలాకాలం అదే. ఆ పాఠాన్ని అలాగే అనుసరించి మన మనిషికి రంగు వేస్తే, గోధుమ రంగు పూసి తెలుపు కలిపిన హైలైట్ వేస్తారు. ముఖం బూడిద రాసుకున్నట్టు పాలిపోతుంది. చామనఛాయ అందంగా రావాలంటే దాని లెక్క వేరు.

చర్మం నుంచి రెండు రకాల వెలుగు కంటికి వస్తుంది. ఒకటి లోపలికి వెళ్ళి, రంగు పులుముకుని బయటికి వచ్చేది. రెండోది పైపొరను తాకి నేరుగా తిరిగొచ్చే మెరుపు. ఈ రెండోది ఏ రంగు చర్మానికైనా దాదాపు ఒకటే. ముదురు చర్మంలో మొదటిది తక్కువ కాబట్టి మెరుపు చుక్కలు ప్రస్ఫుటంగా కనిపిస్తాయి. నుదురు, ముక్కు కొన, చెంప ఎముక, భుజం. అక్కడ చిన్నగా, గట్టిగా వేయాలి. మిగతా చోట వెలుగును మెల్లగా తేవాలి.

రంగుల్లో చెప్పాలంటే, బర్న్‌ట్ సియెన్నా (ఎర్ర గోధుమ), బర్న్‌ట్ అంబర్ (ముదురు గోధుమ) కలిపి మొదటి పూత. నీడలకు అందులోనే కాస్త ముదురు నీలమో వంకాయ రంగో. వెలుగుకు తెలుపు ముట్టుకోకుండా ఎల్లో ఆకర్ (మట్టి పసుపు) కలుపుతూ పోవాలి. మెరుపు చుక్కకు మాత్రం ఆఖర్లో కొంచెం మీగడ రంగు. కింది పెదవికి, ముక్కు కొనకు, వేళ్ళ కణుపులకు పలచటి ఎరుపు. ఈ మూడు నాలుగు రంగులూ మామూలు స్టేషనరీ దుకాణంలో దొరికే క్యామెల్, ఫెవిక్రిల్ సీసాల్లోనే ఉంటాయి. వాటిలో రంగు పొడి మినియేచర్ల కోసమే చేసిన రంగులంత సన్నగా ఉండదు కాబట్టి ఒక పూత ఎక్కువ వేయాల్సి వస్తుంది, అంతే. ఎండలో పని చేసే మనిషికి ముఖం, మెడ వెనక, ముంజేతులు ఒక ఛాయ ముదురు, అంగీ కప్పే చోటు లేత. ఇది కూడా చూపిస్తే ఆ బొమ్మకు ఒక ఊరు, ఒక బతుకు వస్తాయి.

ఏ బొమ్మలు వేయాలన్న ప్రశ్నకు ఈ నేలలోనే జవాబులు ఉన్నాయి. పాకాల దగ్గరి దామలచెరువు కనుమలో 1740 మే నెలలో రఘూజీ భోంస్లే మరాఠా సేనకూ ఆర్కాటు నవాబు దోస్త్ అలీ ఖాన్ సేనకూ యుద్ధం జరిగి నవాబు చనిపోయాడు. 1782 డిసెంబరులో హైదర్ అలీ కన్నుమూసింది చిత్తూరు దగ్గరి తన శిబిరంలోనే. చంద్రగిరి కోట విజయనగర రాజుల చివరి రాజధానుల్లో ఒకటి. విజయనగర రాజు తల మీద ఏముండేదో చూడాలంటే తిరుమల ఆలయంలోపల ఇద్దరు రాణులతో నిలబడ్డ కృష్ణదేవరాయల లోహ ప్రతిమ ఉంది, పొడవాటి కుళ్ళాయితో. దిగుమతి చేసుకున్న ఊహాలోకపు యోధుల మీద పెట్టే శ్రద్ధలో సగం వీటి మీద పెట్టినా మంచి సేనలు తయారవుతాయి.

18వ శతాబ్దపు ఈ సేనలకు ఐరోపా రెజిమెంట్ల లాంటి ఒకే యూనిఫాం లేదు. అలాంటప్పుడు యాభై బొమ్మలకు ఇష్టమొచ్చిన రంగులు వేస్తే బల్ల మీద తిరునాళ్ళలా ఉంటుంది, సేనలా ఉండదు. ఆ కాలపు అద్దకాలను హద్దుగా పెట్టుకోవడం మంచి దారి. నీలిమందు నీలం, చిరివేరు ఎరుపు, కరక్కాయ పసుపు, ఇనుము నలుపు, నీలం మీద పసుపు పడితే వచ్చే ఆకుపచ్చ, అద్దకం తగలని నూలు తెలుపు. ఈ ఆరింటిని తలపాగాకు, నడికట్టుకు, అంగీకి మార్చి మార్చి వాడితే ఏ ఇద్దరూ ఒకేలా ఉండరు, అయినా అందరూ ఒకే కాలం మనుషులు అనిపిస్తారు.

వీటిలో అన్నిటికంటే కష్టం తెలుపు. తెల్ల పంచెకు తెలుపు పూస్తే ఇక పైకి వెళ్ళడానికి చోటు మిగలదు. లేత బూడిద రంగుతోనో దంతపు రంగుతోనో మొదలుపెట్టి, అసలు తెలుపును మడతల ఎత్తుల మీద మాత్రమే ఆఖరున పెట్టాలి. నీడకు నీలం కలిస్తే ఉతికిన పంచె, గోధుమ కలిస్తే ప్రయాణంలో మాసిన పంచె. దామలచెరువు యుద్ధం మే నెలలో జరిగింది కాబట్టి రెండోదే న్యాయం, అంచుల దగ్గర ఎర్రదుమ్ము అద్ది మరీ. గంగ జాతరలో బైరాగి వేషం వేసుకున్నవారిని గమనిస్తే తెలుపు గురించి ఇంకో పాఠం దొరుకుతుంది. ఒంటికి రాసుకున్న సుద్ద ఎత్తుల మీద చిక్కగా, మోచేతి మడతల్లో చెమటకు చెదిరి పలచగా ఉంటుంది, లోపలి నుంచి చర్మం రంగు పలుకుతుంది. కుంచెకు తెలుపు అద్ది, గుడ్డ మీద తుడిచేసి, దాదాపు పొడి కుంచెతో చర్మం రంగు మీద రాస్తే సరిగ్గా అదే వస్తుంది.

నేర్చుకునేవారికి సైన్యం కంటే పులిజూదం మంచి మొదలు. 3 పులులు, 15 మేకలు. గుడి మంటపాల రాతి నేల మీద చెక్కి ఉండే ఆ గీతలను చెక్క పలక మీద గీసుకుని, కాయలకు బదులు బొమ్మలు పెట్టుకోవచ్చు. 15 మేకలను ఒకదాని తర్వాత ఒకటి పూర్తి చేయకుండా, అన్నిటికీ ఒక రంగు, తర్వాత అన్నిటికీ ఇంకో రంగు వేస్తూ పోతే పదిహేనోది చేరేసరికి మొదటిది ఆరి సిద్ధంగా ఉంటుంది. ఒకే కదలికను పదిహేనుసార్లు చేయడంతో చేయి కుదురుతుంది. ఆ కుదిరిన చేతితో పులుల చారలు దిద్దవచ్చు.

కుంచె గురించి ఒక అపోహ ఉంది, చిన్న బొమ్మకు చిన్న కుంచె కావాలని. మనిషి కన్ను వెడల్పు సుమారు 30 మి.మీ., బొమ్మలో అది అర మిల్లీమీటరు. దానికి కావలసింది మొన, సన్నదనం కాదు. మూడు సున్నాల (000 నంబరు, బాగా సన్నటి) కుంచె పొట్టలో రంగు నిలవదు, కంటిని చేరేసరికి ఎండిపోతుంది. మంచి మొన ఉన్న 1వ నంబరు కుంచెతో కళ్ళు, నామాలు, గుండీలు అన్నీ దిద్దవచ్చు. పేరున్న కుంచెలు సైబీరియా వీజిల్ వెంట్రుకలతో చేస్తారు. ఆ జంతువు మన హిమాలయాల్లోనూ ఉంది, దాని వ్యాపారాన్ని గమనించాలని భారత్ కోరినందువల్ల అది వన్యజాతుల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే సైట్స్ ఒప్పందం మూడో అనుబంధంలో చేరింది. ముంగిస వెంట్రుకల కుంచెల సంగతి ఇంకా సూటిగా చెప్పాలి. 1972 వన్యప్రాణి రక్షణ చట్టం కింద ముంగిస రక్షిత జంతువు, ఆ కుంచె అమ్మడం నేరం. 2019లో దేశంలో చాలా చోట్ల వీటి కోసం దాడులు జరిగాయి. దుకాణంలో మెత్తటి, చారలు చారలుగా గోధుమ వెంట్రుకల కుంచె చూపిస్తే వద్దనాలి. ఇప్పటి సింథటిక్ కుంచెలు ఈ పనికి చాలినంత బాగున్నాయి. వాటి మొన కొన్నాళ్ళకు కొక్కెంలా వంగుతుంది, అప్పుడు దాన్ని డ్రై బ్రష్ పనికి, అంటే పైన చెప్పినట్టు పొడి కుంచెతో రాయడానికి మార్చుకోవచ్చు. కుంచెను నోట్లో పెట్టి మొన సరిచేసే అలవాటు మాత్రం ఎవరూ చేసుకోకూడదు, కొన్ని రంగుల్లో విషపు లోహాలు ఉంటాయి.

దిగుమతి బొమ్మలు ఖరీదు కావడానికి సుంకం ఒక కారణం. ఆటబొమ్మల మీద కస్టమ్స్ సుంకం 2020 బడ్జెట్‌లో 20 నుంచి 60 శాతానికి, 2023లో 70 శాతానికి చేరింది. అందుకే ఇక్కడివాళ్ళ చూపు రెజిన్ 3డీ ప్రింటర్ల మీదికి మళ్ళుతోంది. ద్రవ రెజిన్‌ను అతినీలలోహిత వెలుగుతో 0.05 మి.మీ. మందం పొరలుగా గట్టిపరిస్తే 28 మి.మీ. బొమ్మకు 560 పొరలు. వాలుగా ఉండే చోట, అంటే భుజాల మీద, గుర్రం వీపు మీద ఆ పొరల గీతలు డ్రై బ్రష్ తగలగానే బయటపడతాయి, ముందే సన్నటి గరుకు కాగితంతో రుద్దాలి. గట్టిపడని రెజిన్ చర్మానికి అలర్జీ తెస్తుంది, ఒకసారి వస్తే వదలదు. గ్లవ్స్ లేకుండా ముట్టుకోకూడదు, కిటికీ లేని గదిలో ప్రింటర్ పెట్టకూడదు.

ఇక ఆఖరు పని బేస్, బొమ్మ నిలబడే నేల. ఇక్కడ కూడా 60తోనే లెక్క. 1 మి.మీ. ఇసుక రేణువు ఆ సైనికుడి కాలి కింద 6 సెం.మీ. రాయి. ఇంటి పనికి తెచ్చిన ఇసుక జల్లిస్తే అది బండల గుట్ట అవుతుంది. శేషాచలం అంచుల్లోని ఎర్రమన్ను తెచ్చి, పెనం మీద వేడి చేసి పురుగు, తేమ పోగొట్టి, టీ వడపోసే జల్లెడలో జల్లించి, ఫెవికాల్ మీద చల్లితే చాలు. రంగు కూడా వేయనక్కర్లేదు అనిపిస్తుంది కానీ జిగురు తగిలి మన్ను నల్లబడుతుంది. పైన లేత ఎరుపుతో ఒకసారి పొడి కుంచె తిప్పాలి. వాడేసిన టీ పొడిని ఎండబెడితే రాలిన ఆకులు అవుతుంది. ఫిరంగి పక్కన గుండ్ల కుప్ప కావాలంటే పోపుల డబ్బాలో ఆవాలు ఉన్నాయి. ఒకటిన్నర మిల్లీమీటరు ఆవగింజ ఆ కొలతలో 9 సెం.మీ. గుండు, ఆరు పౌన్ల ఫిరంగికి సరిగ్గా సరిపోయేది. నాలుగు గింజలు అతికించి, నల్లరంగు వేసి, పురుగు పట్టకుండా పైన రెండు పూతల వార్నిష్ వేయాలి.